తెలుగు అక్షరానికి మూలలుంటే తప్పా?

ఈ గోడపత్రిక చదవడానికి ఆగినవాళ్ళు ముందు ఒక పని చేయండి. పది అడుగులు వెనక్కి నడిచి, మెట్ల దగ్గర నిలబడి, పైన రాసి ఉన్న పత్రిక పేరు చదవండి. తర్వాత పక్క విభాగం గోడ మీది మరాఠీ పేరు చదవండి. రెండు బోర్డుల కొలత ఇంచుమించు ఒకటే, రంగు కూడా ఒకటే. మరాఠీ పేరు అక్కడి నుంచి కూడా టక్కున దొరుకుతుంది. మన పేరు మాత్రం సన్న తీగ చుట్టి పెట్టినట్టు కనిపిస్తుంది. తెలుగు బాగా వచ్చినవాళ్ళు కూడా కళ్ళు చిన్నవి చేసుకుని చూడాల్సిందే.

ఇది చిన్న విషయం అని చాలామంది అంటరు. నాకు అట్ల అనిపించదు. మన షోలాపూర్‌లో తెలుగు ఇళ్ళల్లో వినపడుతుంది, మగ్గాల షెడ్లలో వినపడుతుంది, బీడీలు చుట్టే అరుగుల మీద వినపడుతుంది. వినపడినంతగా కనపడదు. కనపడే కొద్దిచోట్ల కూడా కంటికి ఆనని అక్షరాల్లో ఉంటుంది. అందుకని నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన వీధికి, మన బట్టకు, మన ఊరేగింపుకు సరిపోయే లావుపాటి, మూలలున్న తెలుగు అక్షరం మనకు కావాలి. దాన్ని హైదరాబాద్ నుంచి ఎవరో పంపాలని ఎదురుచూడక్కర్లేదు. అది తయారుచేసే పద్ధతి మన పేటలోనే, చద్దర్ నక్షాలోనే ఉంది.

చదివే అక్షరం, పిలిచే అక్షరం

అక్షరాలు చేసే పనులు రెండు రకాలు. పుస్తకంలోని అక్షరం మన పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్తుంది. అది కంటికి అలసట లేకుండా ఉంటే చాలు, దాని రూపాన్ని మనం గమనించకపోయినా పర్వాలేదు. బోర్డు మీది అక్షరం అట్ల కాదు, రోడ్డు అవతల పోయేవాళ్ళను పేరు పెట్టి పిలవాలి. మొదటిదాన్ని టెక్స్ట్ ఫాంట్ అంటారు, రెండోదాన్ని డిస్‌ప్లే ఫాంట్ అంటారు. పత్రిక హెడ్డింగు, సినిమా పోస్టరు, దుకాణం బోర్డు, సరుకు ప్యాకెట్టు, ఊరేగింపు బ్యానరు, ఆటగాళ్ళ జెర్సీ, ఇవన్నీ డిస్‌ప్లే ఫాంట్ ఉండే చోట్లు. దాని గీత లావుగా ఉంటుంది, సన్నని అలంకారాలు తక్కువ ఉంటాయి, దూరం నుంచి చూస్తే పదం మొత్తం ఒక ముద్దలాగా, ఒక ఆకారంగా కనిపిస్తుంది.

డిస్‌ప్లే ఫాంట్లలో మూలలు తేలిన రకం ఒకటుంది. 1923లో జర్మనీలో రుడాల్ఫ్ కోఖ్ అనే అక్షరశిల్పి నోయ్‌లాండ్ అనే ఇంగ్లీషు అక్షరాలు తయారుచేశారు. ముందుగా కాగితం మీద గీసుకోకుండా నేరుగా లోహంలోనే చెక్కుకుంటూ పోయారు. అందుకే ఆ అక్షరాల్లో ఒక్కో గీతా ఉలి దెబ్బలాగా ఉంటుంది. ఒకే అక్షరం ఒక సైజులో ఒక తీరుగా, ఇంకో సైజులో కొంచెం వేరే తీరుగా ఉంటుంది. మీరందరూ దాన్ని చూసే ఉంటారు. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ సినిమా పేరు ఆ కుటుంబం అక్షరాల్లోనే ఉంది. ఇక్కడ మనం పట్టుకోవాల్సిన సంగతి ఏందంటే, అక్షరం రూపాన్ని సగం మనిషి నిర్ణయిస్తే మిగతా సగం చేతిలోని పనిముట్టు నిర్ణయిస్తుంది.

తెలుగుకు కూడా ఇదే జరిగింది. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు ఈనె వెంట నిటారుగా గీత లాగితే ఆకు చీలుతుంది. గుండ్రంగా తిప్పితే చీలదు. మన అక్షరాలు గుండ్రమవడానికి ఇది ఒక కారణమని క్లాసులో అందరం చదువుకున్నాం. కానీ తాటాకుకు ముందు, తాటాకుతో పాటు, రాయి కూడా ఉంది. కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుల కాలంనాటి శాసనం ఉంది. దాన్ని సామాన్య శకం 575 నాటిదంటారు. తెలుగులో దొరికిన తొలి పూర్తి శాసనంగా చెప్పుకునే దాని అక్షరాలు ఇప్పటి మన అక్షరాలంత బొద్దుగా, అంత చుట్లుగా ఉండవు. ఉలికి వచ్చిన తీరు ఉలిది, గంటానికి వచ్చిన తీరు గంటానిది. రెండూ తెలుగే.

ఇంకో మాట. తెలుగు అంతా గుండ్రమే అనేవాళ్ళు తలకట్టును మరిచిపోతున్నారు. అది ఏందండీ? టీచరు నోటుబుక్కులో పెట్టే రైట్ గుర్తు లాంటిదే కదా. రెండు గీతలు ఒక మూల దగ్గర కలుస్తయి. కన్నడం మనకు తోబుట్టువు లిపి. ఈ ఊళ్ళో కన్నడ బోర్డులు మనకు రోజూ కనిపిస్తాయి. వాళ్ళ అక్షరం తల మీద గీత పడుకుని ఉంటుంది, మన తలకట్టు లేచి నిలబడుతుంది. దూరం నుంచి రెండు లిపుల తేడా తెలిసేది ముఖ్యంగా అక్కడే. తెలుగును తెలుగుగా గుర్తుపట్టించే గీతలోనే మూల ఉంటే, మూలలు తెలుగుకు పరాయివని ఎట్లంటాం?

మగ్గానికి గుండ్రం తెలియదు

ఇప్పుడు మన పేటలోకి వద్దాం. సాఖర్ పేఠ్, దాజీ పేఠ్, భవానీ పేఠ్, అశోక్ చౌక్, ఏ వైపు పోయినా మగ్గం చప్పుడు తెలియని ఇల్లు తక్కువ. మన పెద్దలు తెలంగాణ పల్లెల నుంచి ఇక్కడికి వచ్చింది నేత పని కోసమే. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు పెట్టిన తర్వాత ఆ రాక ఇంకా పెరిగింది. మన చద్దర్‌కు, మన టర్కీ టవల్‌కు ఇప్పుడు జీఐ గుర్తింపు కూడా ఉంది. ఆ చద్దర్ మీద నెమలి వచ్చినా, పువ్వు వచ్చినా, తయారుచేసినవాళ్ళ పేరు వచ్చినా అది అచ్చు వేసింది కాదు. పోగులతోనే నేసింది. అంటే మగ్గం మీద అక్షరాలు రాస్తున్నాం అన్నమాట. ఇది మనకు ఎంత అలవాటైందంటే, వింతగా కూడా అనిపించదు.

ఆ అక్షరం ఎట్ల వస్తుందో చూడండి. ముందు నక్షా గీస్తారు. నక్షా అంటే గళ్ళ కాగితం. అడ్డం గళ్ళు పడుగు పోగుల లెక్క, నిలువు గళ్ళు పేక పోగుల లెక్క. గడి నింపితే ఒక రంగు పైకి వస్తుంది, వదిలేస్తే ఇంకో రంగు వస్తుంది. ఆ కాగితం చూసి జకార్డు అట్టల మీద రంధ్రాలు కొడతారు. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తది, లేనిచోట లేవదు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డు 1804 ప్రాంతంలో రూపం ఇచ్చిన యంత్రం నడిచేది ఈ ఒక్క సూత్రం మీదే. ఇప్పుడు కొన్నిచోట్ల అట్టలకు బదులు కంప్యూటర్ వచ్చింది. అయినా గడి గడే. నింపాలి, లేకపోతే వదలాలి. సగం గడి అనేది లేదు.

సగం గడి లేదు కాబట్టి మగ్గానికి గుండ్రం తెలియదు. సున్నా గీయమంటే మెట్లు మెట్లుగా దిగి, మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. గళ్ళు చాలా ఎక్కువ తీసుకుంటే మెట్లు కంటికి ఆనవు. కానీ టవల్ అంచులో పేరుకు దొరికే చోటెంత? బెత్తెడు కూడా ఉండదు. అక్కడ సన్నని వంకీ పెడితే, రెండు ఉతుకులకు నూగు లేచి వంకీ మాయమవుతుంది. లావు గీత, తెగిన మూల, లోపల సరిపడా ఖాళీ, ఇవి ఉన్న అక్షరమే నిలబడుతుంది. ఇంత పని చేసే ఊరు, ఇన్ని తెలుగు ఇళ్ళు, కానీ చద్దర్ అంచుల మీద నాకు ఎక్కువగా కనిపించేవి ఇంగ్లీషు అక్షరాలు, దేవనాగరి అక్షరాలు. చాలా దుకాణాల బోర్డుల మీద పేరు మన తెలుగు ఇంటిపేరే. దాని అక్షరం మాత్రం మనది కాదు.

నేను గళ్ళ నోటుబుక్కులో ప్రయత్నించి చూశాను. "గ" చాలా సులువు. తలుపు చౌకట్టులాగా నిలబడుతుంది, పైన తలకట్టు పెడితే చాలు. "ర" మూలలు కోసిన చదరం అవుతుంది, ఎవరైనా గుర్తుపడతారు. "ఠ" అయితే నవ్వొస్తుంది, ఒక పెట్టె, లోపల ఒక చుక్క. "వ", "ద", "చ" కొంచెం ఆలోచించి గీయాలి. "ఋ", "ఝ" మాత్రం చెమటలు పట్టించాయి. మొత్తం మీద అర్థమైంది ఏమిటంటే, మన అక్షరాల్లో చాలావాటి గుర్తు వాటి ఒంపులో లేదు. ఎక్కడ తెరుచుకుంటుంది, ఎక్కడ మూసుకుంటుంది, తలకట్టు ఎక్కడ ఉంది అన్నదానిలో ఉంది. అవి సరిగ్గా ఉంచితే ఒంపు తీసేసినా అక్షరం బతుకుతుంది.

వీధిలో ఏం జరుగుతోంది

మా నాయిన చిన్నప్పుడు బోర్డులు పెయింటర్లు రాసేవారట. సుద్ద పూసిన దారం గోడ మీద లాగి కొట్టి గీత వేసుకునేవారు, వెడల్పు బ్రష్షుతో అక్షరం మొదలుపెట్టేవారు. వెడల్పు బ్రష్షు మొదట ఆనించినచోట, చివర ఎత్తినచోట దానంతట అదే మూల తేలుతుంది. అంటే లావు, మూలలున్న తెలుగు కొత్తేమీ కాదు, చేతిలో ఉండేది. సినిమావాళ్ళ దగ్గర కూడా ఉండేది. 1967లో బాపు గారి సాక్షి సినిమాతో మొదలైన పోస్టరు చిత్రకారుడు ఈశ్వర్ లాంటివాళ్ళు ఒక్కో సినిమా పేరును కథకు తగ్గట్టు చేత్తో రాశారు. ప్రేమ కథకు ఒంపులు, కొట్లాట కథకు పదునైన అంచులు. బాపు గారి చేతిరాత తర్వాత ఫాంటుగానే మారింది. చేతిరాత పోయి ఫ్లెక్స్ వచ్చినప్పుడు మన వీధి పెయింటర్ల అక్షరానికి ఆ అదృష్టం పట్టలేదు. అది ఎవరి కంప్యూటర్‌లోకీ ఎక్కలేదు.

ఇప్పుడు ఏం జరుగుతోంది? ఒక రథయాత్ర ముందు మా గల్లీవాళ్ళు ఒక దుకాణంలో స్వాగత బ్యానరు చేయించారు. నారళీ పౌర్ణమికి మార్కండేయ మహాముని రథం వచ్చే దారిలో కట్టాలి కదా, పెద్దదే చేయించారు. కంప్యూటర్ దగ్గర కూర్చున్న పిల్లగాడికి తెలుగు రాదు. ఫోన్‌లో పంపిన మాటను తన పాత సాఫ్ట్‌వేర్‌లో అంటించాడు. వత్తులన్నీ విరిగిపోయాయి. "మార్కండేయ"లో క వత్తు రాకుండా "మార్" ఒకటి, "కండేయ" ఒకటి అయింది. "పద్మశాలి"లో మ వత్తు పోయి, ద మీద పొల్లు నిలబడింది. బ్యానరు అట్లనే కట్టారు, అట్లనే విప్పారు. మరాఠీ మాటలో ఒక్క మాత్ర తప్పుపోతే పదిమంది చెప్తరు. తెలుగులో కులం పేరు, దేవుడి పేరు రెండూ విరిగినా చెప్పినవాళ్ళు లేరు. తప్పు ఆ పిల్లగాడిది అని నేను అనను. అతనికి సరైన అక్షరం ఎవరూ చేతికి ఇవ్వలేదు.

వత్తులు సరిగ్గా వచ్చినచోట ఇంకో బాధ. కంప్యూటర్‌తో పాటు వచ్చే సన్నని తెలుగు ఫాంటును బ్యానరు నిండాలని పక్కకు లాగుతరు. అప్పుడు నిలువు గీతలు లావవుతయి, అడ్డం గీతలు సన్నగానే ఉంటయి. అక్షరం అద్దంలో వంకరగా కనిపించే ముఖంలాగా అయితది. అది చాలదని చుట్టూ ఇంకో రంగు అంచు పెడతరు. ఆ అంచు లోపలికి కూడా పెరిగి "మ", "ఘ", "ఝ" లాంటివాటి పొట్టలు పూడిపోతయి. చివరికి మిగిలేది ఒక మరక.

దొరికే ఫాంట్లు లేవని కాదు. సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంట్లున్నాయి. వాటి పేర్లు చూస్తే మన సిలబస్సులాగా ఉంటుంది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, గురజాడ, గిడుగు. అందులో రామభద్ర చాలా లావు అక్షరం, హెడ్డింగులకు బాగుంటుంది. ముంబైలోని ఏక్ టైప్ వాళ్ళు చేసిన బాలూ తమ్ముడు కూడా లావే, బొద్దుగా ముద్దొచ్చేట్టు ఉంటుంది. వాళ్ళదే అనేక్ అనే కుటుంబంలో తెలుగు, దేవనాగరి రెండూ జోడీగా ఉన్నాయి. సన్నం నుంచి బాగా లావు వరకు, ఇరుకు నుంచి వెడల్పు వరకు ఎట్ల కావాలంటే అట్ల తీసుకోవచ్చు. రెండు భాషల బోర్డుకు ఇది మంచి ఆసరా.

కానీ మూలల సంగతి వచ్చేసరికి మన చేతులు ఖాళీ. మరాఠీ పోస్టరు చేసేవాళ్ళకు తేకో అనే ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్ళు చేసింది. చదరపు ఒళ్ళు, నిటారు గీతలు, తక్కువ చోటులో పెద్ద మాట పడుతుంది. అందులో దేవనాగరి ఉంది, ఇంగ్లీషు ఉంది, తెలుగు లేదు. అందుకని మూడు భాషల బ్యానరు చేస్తే రెండు భాషలు నిటారుగా నిలబడతాయి, తెలుగు ఒక్కటే మెత్తగా వంగి ఉంటుంది. పక్కపక్కన పెట్టి చూసినవాడికి తెలుగు బలహీనమైన భాష అనిపించకుండా ఎట్లుంటది?

"ఇదంతా ఎందుకమ్మా?" అనేవాళ్ళకు

మొదటి అభ్యంతరం అందం గురించి. తెలుగు ముత్యాల్లాగా ఉండాలి, మూలలు పెడితే కంపలాగా అవుతుంది అంటారు. ముత్యాల్లాంటి చేతిరాత నాకూ ఇష్టమే. మా అవ్వ బతుకమ్మ పాటల నోటుబుక్కు అట్లనే ఉంటుంది. దాన్ని మార్చమని నేను అనడం లేదు. కానీ పండగ చీర కట్టుకుని మగ్గం మీద కూర్చోం కదా. పనికి తగ్గ బట్ట ఉన్నట్టే పనికి తగ్గ అక్షరం ఉండాలి. దేవనాగరికి పుస్తకానికి ఒక రూపం, రాజకీయ బ్యానరుకు ఒక రూపం, క్రికెట్ జట్టు చొక్కాకు ఒక రూపం ఉన్నాయి. అన్ని రూపాలు ఉన్నందుకు మరాఠీ చెడిపోలేదు. ఒక్క రూపంలోనే ఉండాలని మనం తెలుగును కట్టేస్తే, ఆ రూపం పనికిరాని ప్రతిచోటా తెలుగు లేకుండా పోతుంది.

రెండో అభ్యంతరం దీనికంటే గట్టిది. "చదివేవాళ్ళే లేనప్పుడు బోర్డు ఎంత లావుగా ఉంటే ఏం లాభం?" అని మా ఇంట్లోనే అడిగారు. మా ఇంట్లో రెండు భాషలు. అవ్వతో తెలుగు, అమ్మతో మరాఠీ, నాయినతో రెండూ. మా తమ్ముడు మరాఠీ మీడియంలో తొమ్మిదో తరగతి. తెలుగు మాట్లాడితే ఎవరూ పేరు పెట్టలేరు, చదవమంటే ఒక్క ముక్క రాదు. ఊరికి పోయిన అవ్వకు మెసేజ్ పెట్టాలంటే తెలుగు మాటలను దేవనాగరిలో కొడతాడు. అవ్వకు దేవనాగరి రాదు, పక్కింటి పిల్లను పిలిచి చదివించుకుంటుంది. తెలుగులో మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఒక మూడో మనిషి నిలబడాల్సి వచ్చింది. మన పేటలో ఇట్లాంటి ఇళ్ళు ఎన్నో మీకే తెలుసు.

వాడికి ఇంగ్లీషు పెద్దక్షరాలు ఎట్ల వచ్చాయో నాకు గుర్తుంది. బడికి పోకముందే బస్సుల మీద, బిస్కెట్ ప్యాకెట్ల మీద, ఆటగాళ్ళ చొక్కాల మీద చూసి చూసి పట్టుకున్నాడు. పెద్దగా, లావుగా, రోజూ ఒకేచోట కనపడే అక్షరం పిల్లలకు దానంతట అదే వస్తుంది. చదివేవాళ్ళు ఉంటే బోర్డు పెడదామని మనం, బోర్డు ఉంటే అక్షరాలు నేర్చుకునేవాళ్ళమని పిల్లలు. ఈ రెండింట్లో ముందు కదలాల్సింది పెద్దవాళ్ళమే. రోడ్డు కూడా ఒక బడే. ఆ బడిలో తెలుగు పాఠం లేకుండా పోతోంది.

మూడో అభ్యంతరం భయం. మహారాష్ట్రలో ఉండి తెలుగు బోర్డు పెడితే గొడవ అవుతుందేమో అని. చట్టం ఏం చెప్తుందో చూద్దాం. 2022లో చేసిన సవరణ ప్రకారం దుకాణం పేరు దేవనాగరి లిపిలో మరాఠీలో ఉండాలి, అది ముందు ఉండాలి, దాని అక్షరాలు మిగతా భాషల అక్షరాలకంటే చిన్నవి కాకూడదు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ముంబై దుకాణదారులకు దీన్ని పాటించడానికి రెండు నెలల గడువు కూడా ఇచ్చింది. ఇందులో ఇతర భాష రాయొద్దని లేదు. మరాఠీ కింద, అంతకంటే పెద్దది కాకుండా, తెలుగు రాసుకోవచ్చు. ఇంకో సంగతి గమనించండి. అక్షరం సైజు మీద చట్టమే వచ్చిందంటే, అక్షరం ఎంత పెద్దగా కనిపిస్తుంది అన్నది గౌరవానికి సంబంధించిన విషయమని మరాఠీవాళ్ళు గుర్తించినట్టే. వాళ్ళను చూసి కోపం తెచ్చుకోవడం కాదు, నేర్చుకోవాలి. సైజు వాళ్ళంత పెంచలేనిచోట మనకు మిగిలేది లావు, స్పష్టత. అందుకే చిన్న సైజులో కూడా నిలబడే అక్షరం మనకే ఎక్కువ అవసరం.

గీసేటప్పుడు జాగ్రత్తలు

మూలలు పెట్టడమంటే ఒంపులన్నీ కత్తిరించి పారేయడం కాదు. మొదటి ప్రమాదం "ప", "వ". రెండింటికీ తేడా ఒక చిన్న సందు. గీత లావు చేసినప్పుడు ఆ సందు మూసుకుపోతే "పని" కాస్తా "వని" అవుతుంది, "పద్మశాలి" కాస్తా "వద్మశాలి" అవుతుంది. "ద", "ధ", "థ"ల మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. లావు అక్షరంలో వీటికి చోటు ముందే లెక్క పెట్టుకోవాలి, చివర్లో ఇరికించకూడదు.

రెండోది వత్తులు. దేవనాగరిలో ఎక్కువ జోడక్షరాలు పక్కపక్కన సర్దుకుంటాయి. మనవి కిందికి దిగుతాయి. కింద చోటు వదలకపోతే కింది వరుస తలకట్లకు తగులుతాయి. క వత్తుకు తలకట్టు ఉండదు, మ వత్తు రూపమే వేరు. ఇవి తెలియనివాళ్ళు పై అక్షరాన్నే చిన్నది చేసి కింద పెడతారు. అప్పుడు పైది లావు, కిందిది సన్నం అవుతుంది. వత్తును సైజులో తగ్గించినా గీత లావు తగ్గకూడదు. అది వేరేగా గీయాల్సిన అక్షరం, పై అక్షరానికి తోక కాదు.

మూడోది, ఎక్కడ వాడొద్దో తెలియాలి. ఈ వ్యాసాన్నే మూలల అక్షరాల్లో అంటిస్తే మీరు రెండో పేరా దాటరు. కవితకు, ఉత్తరానికి, మందుల చీటీకి, పాఠానికి మామూలు గుండ్రని తెలుగే హాయి. హెడ్డింగు, బోర్డు, బ్యానరు, చద్దర్ అంచు, బీడీ కట్ట లేబుల్, సంచి మీది పేరు, ఐదారు మాటలు దాటని ప్రతిచోటా ఇది పనికొస్తుంది.

నాలుగోది, నోయ్‌లాండ్‌కు పట్టిన గతి మనకు పట్టకూడదు. ఆ అక్షరాన్ని అమెరికాలో అడవి, ఆఫ్రికా, సాహసం అనే సరుకులకు అంటించి అంటించి, అది కనపడితే చాలు అదే గుర్తొచ్చేట్టు చేశారు. మన అక్షరం కూడా "చేనేత ప్రదర్శన" గేటు మీద మాత్రమే కనిపించే అలంకారం కాకూడదు. దవాఖానా బోర్డు మీద, ట్యూషన్ సెంటర్ మీద, మొబైల్ రిపేర్ దుకాణం మీద కూడా అది మామూలుగా ఉండాలి.

మనం చేయగలిగింది

పూర్తి ఫాంట్ తయారుచేయాలంటే కొన్ని వందల ఆకారాలు గీయాలి. గుణింతాలు, వత్తులు అన్నీ లెక్కలోకి వస్తాయి. అది నిపుణుల పని, సంవత్సరాల పని. కానీ ఐదు మాటలు గీయడానికి నిపుణులు అక్కర్లేదు. పద్మశాలి, మార్కండేయ, మగ్గం, చద్దర్, అవ్వ. ఈ ఐదు మాటలే ఎందుకంటే, ఐదింట్లోనూ వత్తులున్నాయి. ఇవి నిలబడితే మిగతావి నిలబడతాయి.

లెక్క ఇట్ల పెట్టుకుందాం. గీత లావు రెండు గళ్ళు. లోపలి ఖాళీ రెండు గళ్ళకు తగ్గకూడదు. అంటే ఒక సున్నాకు అడ్డంగా ఆరు గళ్ళు కావాలి. తలకట్టుకు పైన నాలుగు గళ్ళు, వత్తుకు కింద ఆరు గళ్ళు వదలాలి. ఏటవాలు గీత ఎక్కడున్నా ఒక గడి పక్కకు, ఒక గడి పైకి మాత్రమే ఎక్కాలి. ఈ నియమాలు తప్పకుండా ఒక్కొక్కరం రెండేసి అక్షరాలు గీద్దాం. అన్నీ ఒకేచోట పెట్టి, పది అడుగుల దూరం నుంచి తెలుగు చదవడం రాని మన చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు చూపిద్దాం. ఏ రెండు అక్షరాలు ఒకటే అనిపించాయో వాళ్ళే చెప్తారు. వాటిని మళ్ళీ గీద్దాం.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. నోటితో మాట్లాడే తెలుగే కాగితం మీద కూడా ఉండాలని పోరాడిన మనిషి ఆయన. ఆ రోజుకు మన విభాగం బ్యానరు ఫ్లెక్స్ దుకాణం ఫాంటులో కాకుండా మనం గీసిన అక్షరాల్లో ఉండాలని నా కోరిక. ఐదు మాటలను బొమ్మ ఫైళ్ళుగా చేసి మన గల్లీల్లోని ఫ్లెక్స్ దుకాణాలకు ఉచితంగా ఇద్దాం. బొమ్మగా ఇస్తే ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ వత్తు విరగదు. వచ్చే రథయాత్రకు కనీసం ఆ రెండు పేర్లయినా సరిగ్గా ఉంటాయి.

మేడం గారికి, సర్ గారికి నా మనవి రెండే. ఒక శనివారం రెండు పీరియడ్లు, ఒక దస్తా గళ్ళ కాగితాలు ఇప్పించండి. ఆ రోజు పాఠం చెప్పడానికి చద్దర్ నక్షా గీసే ఒక కాకను, పాత బోర్డులు రాసిన ఒక పెయింటర్ తాతను పిలుద్దాం. అక్షరం గురించి మనకు పుస్తకాల్లో లేని పాఠం వాళ్ళ చేతుల్లో ఉంది. మీ ఇంట్లో కానీ, మీ గల్లీలో కానీ అట్లాంటివాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళను అడిగి, వాళ్ళు సరేనంటే మీ పేరు, క్లాసు ఒక చీటీ మీద రాసి ఈ పత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. శుక్రవారం సాయంత్రం చీటీలు తీస్తాను.

– బీ.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని